వాసన మాట ఎత్తొద్దు

పాకాలలో దయానంద్ ఇంటికి ఆ వారమంతా జనం వస్తూనే ఉన్నారు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. మామూలు రోజుల్లో వీధిలో కనిపిస్తే తల ఊపి పోయేవాళ్ళు కూడా ఇప్పుడు లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారు. "మీ స్టెల్లా టీవీలో వచ్చింది గదప్పా!" అనడం ఆలస్యం, దయానంద్ ఫోన్ తీసి ఆ వీడియో పెట్టేవాడు. పొగ కమ్మిన విమానంలోంచి జనాన్ని క్షేమంగా దింపిన పాకాల ఆడబిడ్డ అని అందులో గొంతు చించుకుని చెబుతుంటే, మొదటిసారి చూస్తున్నట్టు ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవాడు.

ఆ ఆడబిడ్డ మాత్రం లోపలి గదిలో తలుపు దగ్గరకు వేసుకుని కూర్చునేది. హైదరాబాదు, తిరుపతి మధ్య తిరిగే ఒక చిన్న విమాన కంపెనీలో ఎయిర్‌హోస్టెస్ స్టెల్లా. కంపెనీ వాళ్ళు విశ్రాంతి తీసుకోమని సెలవిచ్చారు. విశ్రాంతి ఎక్కడిది? బయట ఎవరైనా తనను మెచ్చుకున్నప్పుడల్లా దొంగతనం చేసి దొరక్కుండా తిరుగుతున్నట్టు ఉండేది ఆమెకు.

ఆదివారం పొద్దున దయానంద్ గది గుమ్మంలో నిలబడి అన్నాడు.

"సాయంత్రం చర్చిలో నువ్వు సాక్ష్యం చెప్పాలంటమ్మా. పాస్టరయ్య నిన్ననే చెప్పి పంపినాడు. దేవుడు నిన్నెట్లా కాపాడినాడో అందరి ముందర నిలబడి నాలుగు మాటలు చెప్పితే చాలు."

స్టెల్లా తండ్రి ముఖం చూడలేకపోయింది. "శ్రీకాళహస్తి పోయి మోహనను చూసొస్తా నాయనా. సాయంత్రానికి వచ్చేస్తా."

"మంచిపని. ఆ పిల్లకు పండ్లు తీసకపో. పాపం, నీ చెల్లెలట్లాంటిది."

నిజమే, తనతో పాటు విమానంలో పనిచేసే మోహన చెల్లెలి లాంటిదే. అందుకే తిరుపతి దాకా రైల్లోనూ, అక్కణ్ణించి బస్సులోనూ యాపిల్ పండ్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న స్టెల్లాకు ఆ పిల్ల ముఖం ఎలా చూడాలో తెలియలేదు.

జరిగింది చెప్పాలంటే ముందు ఆమె పెట్టిన రూలు సంగతి చెప్పాలి.

తిరుపతి విమానం మిగతా విమానాల్లాంటిది కాదు. గుండు మీద గంధం, చంకలో లడ్ల సంచి, మెట్లదారిన కొండెక్కి దిగిన కాళ్ళు. ఇల్లు చేరేదాకా చెప్పులు తొడగబోమని మొక్కుకున్నవాళ్ళు ఆ దుమ్ముకాళ్ళతోనే విమానం ఎక్కేస్తారు. చెమట, పచ్చకర్పూరం, నెయ్యి, తడి తువ్వాళ్ళు, అన్నీ కలిసి అదొక వాసన. ఒకసారి స్టెల్లాకు జలుబు చేసి ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది. మాల వేసుకున్న ఒకాయన అది చూసి కంపెనీకి ఫిర్యాదు రాశాడు. ఆ అమ్మాయి పేరు స్టెల్లా అట, స్వామి భక్తుల్ని చూసి ముక్కు మూసుకుందట. హైదరాబాదు ఆఫీసుకు పిలిపించి ఆమెకు బాగా గడ్డి పెట్టారు. జలుబు అంటే నమ్మినవాడు లేడు.

ఆ రోజు నుంచి తన విమానంలో ఒక రూలు పెట్టింది. చెయ్యి ముక్కు దగ్గరికి పోకూడదు. వాసన అన్న మాట నోట్లోంచి రాకూడదు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి రోజే ఇది నూరిపోసేది. "వాసన మాట ఎత్తొద్దు మే. వాళ్ళు మొక్కు తీర్చుకుని వస్తా ఉండారు. నవ్వుతా నీళ్ళియ్యి, చాలు." మంచి రూలే. ఎవరి మనసూ నొప్పించకూడదని పెట్టిందే. కాకపోతే అందులో సగం మర్యాద, సగం భయం. ఆ భయం సగం గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

మోహనకూ ఇదే నూరిపోసింది. శ్రీకాళహస్తి పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. "అక్కా అక్కా" అంటూ కొంగు పట్టుకున్నట్టు తిరిగేది. స్టెల్లా చెబితే అది వేదవాక్కు.

కిందటి వారం శనివారం మధ్యాహ్నం ఇద్దరూ తిరుపతి నుంచి హైదరాబాదు పోయే విమానంలో ఉన్నారు. రెక్కల దగ్గర పంకాలు తిరిగే చిన్న విమానం అది. అందులో ఎయిర్‌హోస్టెస్‌లు ఇద్దరే. పైలట్ల గదికి ఆనుకుని ముందు స్టెల్లా, వెనక తలుపు దగ్గర మోహన. వెనక వరసలో పెంచలయ్య అనే పెద్దాయన కూర్చున్నాడు. వడమాలపేట రైతు. హైదరాబాదులో ఉన్న కూతురికి చాలా ఏళ్ళకు కొడుకు పుట్టాడని, ఇంటి దగ్గర్నుంచి చెప్పుల్లేకుండా కొండకు నడిచి, దర్శనం చేసుకుని, అటునించి అటే మనవణ్ణి చూడటానికి బయల్దేరాడు. మడమలు పగిలి నెర్రెలు బారాయి. పాదాలకు పాత గుడ్డ చుట్టుకున్నాడు.

"కాళ్ళు బాగా కష్టపడినట్టుండాయే పెద్దాయనా?" అంది స్టెల్లా, ఆయన ఎక్కుతుంటే.

"ఆ కాళ్ళే గదమ్మా నన్ను కొండెక్కించినాయి!" అని ఆయన నోరంతా తెరిచి నవ్వాడు.

విమానం గాల్లోకి లేచి ఇంకా పైకి పోతూనే ఉంది. స్టెల్లా పక్కన గోడకున్న లోపలి ఫోన్ మోగింది. వెనకాల నుంచి మోహన.

"అక్కా, ఈడ ఏదో వాసన వస్తా ఉండాది. తడి సాక్సులు మూట కట్టి పెట్టినట్టు."

స్టెల్లా మొదట చేసిన పని, ఎదురుగా కూర్చున్న ప్రయాణికులు విన్నారేమోనని చూడటం. తర్వాత గొంతు తగ్గించి అంది. "ష్! ఏం మే, నేను చెప్పింది అప్పుడే మర్చిపోయినావా? ఆ పెద్దాయన వడమాలపేట కాణ్ణించి నడిచినాడు. ఆ మాత్రం వాసన రాదా?"

"అది గాదక్కా, ఇది..."

"శ్రీకాళహస్తి పిల్లవి, నువ్వే ఇట్లంటే ఎట్లా? ముక్కు మీద చెయ్యి పెట్టబాక. నవ్వుతా కూచో." ఫోన్ పెట్టేసింది.

ఇంజన్‌లో నూనె కారి, లోపలికొచ్చే గాలిలో కలిస్తే మొదట పొగ రాదు. పాత సాక్సుల వాసన వస్తుంది. ఏటా ట్రైనింగులో ఇది చెబుతారు. ఆ వాసన వస్తే ప్రయాణికుల మీదకు తోసెయ్యకండి, వెంటనే కెప్టెన్‌కు చెప్పండి, అవునో కాదో ఆయన తేల్చుకుంటాడు అని కూడా చెబుతారు. పరీక్షలో ఆ ప్రశ్నకు స్టెల్లా ఎప్పుడూ తప్పు రాయలేదు. మరి ఆ నిమిషంలో గుర్తు రాలేదా, లేక ఆమే గుర్తు రానివ్వలేదా? ఈ వారమంతా తనను తాను అడిగి అడిగి అలిసిపోయింది.

కాసేపటికి మళ్ళీ ఫోన్ మోగింది.

"అక్కా, నాకు తల తిరగతా ఉండాది. నోట్లో ఇనుము నాకినట్టు ఉండాది."

స్టెల్లా నవ్వింది. అదే ఆమె మరిచిపోలేకపోతున్నది. నిజంగానే నవ్వింది. "శనివారం ఒక్కపొద్దు ఉంటివి గదా తల్లీ! కడుపు మాడిస్తే తల తిరగదా? బిస్కెట్టు తిని నీళ్ళు తాగు."

"సరేక్కా," అంది మోహన.

తల తిప్పి చూస్తే వెనక వరసలో పెంచలయ్య రెండు కాళ్ళూ సీటు మీదకు ముడుచుకుని, వాటి మీద తువ్వాలు కప్పుకుని కనిపించాడు. పక్క సీటాయన మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. పాపం పెద్దాయన, నేనైనా ఆయన పరువు కాపాడాను అనుకుంది స్టెల్లా. అనుకుని తృప్తి పడింది కూడా.

ఇంకాసేపటికి వెనక వరసల నెత్తి మీద గాలి తెల్లబడింది. ఒకరు దగ్గారు, ఇంకొకరు దగ్గారు. ఎవరిదో పసిబిడ్డ కీచుమని ఏడ్చింది. స్టెల్లా ఫోన్ తీసి కెప్టెన్‌కు చెప్పింది.

కెప్టెన్ బాలచంద్ర అప్పటికే ఆక్సిజన్ మాస్కు తగిలించుకున్నాడు. బుసబుసమనే ఊపిరి మధ్య ఆయన గొంతు వినిపించింది. "తిరుపతికి వెనక్కి తిరుగుతున్నాం. వాసన ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే సార్," అంది స్టెల్లా.

ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు. ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. టాయిలెట్ చూసింది, అరలు చూసింది, గోడల మీద చెయ్యి తిప్పి పెట్టి వేడి ఉందేమో చూసింది. మంట ఎక్కడా లేదు. "తలలు కిందికి వంచండి! తువ్వాళ్ళు, చీర కొంగులు నీళ్ళతో తడిపి ముక్కుకు పెట్టుకోండి!" అని వరస వరసకూ అరిచి చెప్పింది. ఒక కుర్రాడు, "సినిమాల్లో పైనుంచి మాస్కులు పడతాయి గదా మేడం, యాడ?" అని అడిగాడు. "ఈ విమానంలో ఉండవు. ఉన్నా పొగకు పనికి రావు. గుడ్డ తడుపు ముందు!" అంది. ఎవరి చెయ్యీ ముక్కు దగ్గరికి పోకూడదన్న ఆ నోరే ఆ రోజు అందరి ముక్కులూ మూయించింది.

ముందు వైపు కొన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయి. వెనకవాళ్ళను అక్కడికి పంపమని కేకేసింది. మోహన పసిబిడ్డ తల్లిని పంపింది, పెంచలయ్యను రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది, ఇంకెవరో మిగిలారని మళ్ళీ వెనక్కి పోయింది. స్టెల్లా వెళ్ళేసరికి ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి, పొగ ముసుగు పొట్లాన్ని చేతిలో పెట్టుకుని తేరిపార చూస్తోంది. కళ్ళు మూసుకుని తొడుక్కునేలా నేర్పించిన ముసుగు అది. చేతులు వణుకుతున్నాయి. అదేమిటో ఆమెకు తెలియడం లేదు. స్టెల్లా పొట్లం చించి తల మీదుగా తొడిగేలోపే మోహన కిందికి జారిపోయింది.

ముందు సీట్లో పెంచలయ్య ఏడుస్తున్నాడు. "నా కాళ్ళ వల్లనే గదమ్మా ఇదంతా? పక్కాయన అప్పుట్నుంచి తిడతానే ఉండాడు." స్టెల్లా ఆయనకు జవాబు చెప్పలేదు. తీరిక లేదు అనుకుంది. తీరిక దొరికాక కూడా చెప్పలేదు.

రేణిగుంటలో ఉన్న తిరుపతి ఎయిర్‌పోర్టులోనే దిగారు. ఫైరింజన్లు వచ్చాయి, వెనక తలుపు మెట్ల మీదుగా అందర్నీ దింపేశారు. మోహనను తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. స్టెల్లాను టీవీ వాళ్ళు చుట్టుముట్టారు.

తర్వాత కంపెనీ నుంచి భానుచందర్ అనే ఆయన ఫోన్ చేశాడు. ప్రమాదాలు జరిగితే కారణాలు విచారించే అధికారి. "మీకు మొట్టమొదట ఎప్పుడు తెలిసింది?" అని అడిగితే, "పొగ కనిపించినాక సార్," అంది. "వెనకున్న అమ్మాయికి ముందే వాసన తెలిసుండాలే. ఎందుకు చెప్పలేదంటారు?" అన్నాడాయన. స్టెల్లా మాట్లాడలేదు. ఆయన "సరే, ఆమెనే అడుగుతాను," అని పెట్టేశాడు.

ఈ సంచిలో ఉన్నవి యాపిల్ పండ్లే. కానీ శ్రీకాళహస్తిలో బస్సు దిగి, మోహన ఇంటి సందులోకి నడిచేసరికి ఆమెకు చెయ్యి లాగేసింది.

మోహన తల్లి సుబ్బులమ్మ కలంకారీ గుడ్డలకు రంగులు నింపుతుంది. ఇంటి ముందు గోలెంలో కరక్కాయ కలిపిన పాలలో గుడ్డలు నానుతున్నాయి. ఆ పులిసిన కంపు సందు మొదట్లోనే ఎదురొచ్చింది. స్టెల్లా చెయ్యి లేచింది, మళ్ళీ దిగిపోయింది.

"రామ్మా రా! ఇది రోజూ నీ పేరే జపిస్తా ఉండాది," అంటూ సుబ్బులమ్మ చాప పరిచింది. "నువ్వు లేకుంటే నా బిడ్డ యాడుండేదో!"

మోహన గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. చిక్కిపోయింది. స్టెల్లాను చూడగానే ముఖం విప్పారింది గానీ, నీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి మాత్రం అదురుతూనే ఉంది.

"అమ్మా, నేను తిన్నానా?"

"ఇప్పుడే గదమ్మా తింటివి, ఇడ్లీలు." సుబ్బులమ్మ స్టెల్లా వైపు తిరిగింది. "ఇట్లా అయింది యవ్వారం. ఒకటి గుర్తుంటాది, ఒకటి ఉండదు. తగ్గతాది అంటారు డాక్టర్లు, ఎప్పుడో చెప్పరు."

స్టెల్లా పండ్ల సంచి చాప మీద పెట్టింది. మోహనే మాట మొదలుపెట్టింది.

"అక్కా, ఆపీసు నుంచి భానుచందర్ సార్ ఫోన్ చేసినాడు. ముందే వాసన తెలిసింటాది గదా, యాల చెప్పలేదని అడిగినాడు. నాకు ఏమీ గ్యాపకం లేదక్కా. విమానం లేసింది గ్యాపకముండాది, ఆసుపత్రి గ్యాపకముండాది. నడిమధ్య అంతా తెల్లగా ఉండాది." గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "నేను చెప్పకుండా కూచున్నానేమో. బిత్తరపోయినానేమో. అంతమంది పానాలు! రేపు ఫోన్ చేసి, తప్పు నాదేనని ఒప్పేసుకుంటా. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు."

"అదే నాకూ తెలీటంలా," అంది సుబ్బులమ్మ, కలం పక్కన పెట్టి. "ఈ పాలగుడ్డల కంపులో పుట్టి పెరిగిన పిల్ల. ఏ వాసనకీ మూతి ముడిచేది కాదు. ఇది బాలేదు అన్నదంటే నిజంగా బాలేనట్టే. అట్లాంటిది ఆ పొద్దు యాల నోరు మూసుకునిందో."

ఆ తల్లి ఎత్తిపొడుపుగా అనలేదు. ఆమెకేం తెలుసు? కానీ స్టెల్లాకు తల కొట్టేసినట్టయింది. ఆ పాల కంపులో ముక్కు మీదకు చెయ్యి ఎత్తని పిల్ల, తన మాట మీద గౌరవంతో నోరు కట్టేసుకునే పిల్ల, ఆ రూలు దాటి మరీ ఫోన్ చేసిందంటే అది ఎంత పెద్ద మాటో అప్పుడే తెలిసుండాల్సింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. రేపు ఈ పిల్లే నేరం నెత్తిన వేసుకుంటుంది. ఉద్యోగం ఉంటుంది, వీడియో ఉంటుంది, సాయంత్రం చర్చిలో నాయన ముందు వరసలో కూర్చుని మురిసిపోతాడు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"చెప్పినావు మోహనా," అంది స్టెల్లా.

"ఏందక్కా?"

"నువ్వు చెప్పినావు. విమానం లేస్తానే ఫోన్ చేసినావు. నేనే ఇనలేదు."

మోహన గ్లాసు కింద పెట్టింది. "నేను చెప్పినానా? నిజంగా? ఏమని చెప్పినాను?"

"అక్కా, ఈడ ఏదో వాసన వస్తా ఉండాది, తడి సాక్సులు మూట కట్టి పెట్టినట్టు అన్నావు."

"అమ్మా, ఇనింటివా! నేను చెప్పినానంట!" మోహన పకపకా నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే. "తడి సాక్సులంట! నేనేలే, నేనే అట్లంటాను. నువ్వేమన్నావక్కా?"

"ఆ పెద్దాయన కాళ్ళ వాసన, నోరు మూసుకోమన్నాను. మళ్ళీ చేసినావు, తల తిరగతా ఉండాదని. ఒక్కపొద్దు కదా, బిస్కెట్టు తినమన్నాను." స్టెల్లా ఆగింది. చెప్పకపోయినా జరిగిపోతుంది ఈ ఒక్కటీ. "నవ్వినాను."

మోహన ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ సంతోషం చూడటం కంటే చెంప మీద రెండు వేయించుకోవడం నయమనిపించింది స్టెల్లాకు. సుబ్బులమ్మ మాత్రం నవ్వలేదు. బిడ్డను చూసింది, అదిరే ఆ చేతిని చూసింది, తర్వాత స్టెల్లాను చూసింది.

స్టెల్లా అక్కడే వాళ్ళ ముందే భానుచందర్‌కు ఫోన్ చేసి, మొదటి ఫోను సంగతి, రెండో ఫోను సంగతి, కెప్టెన్‌తో తానన్న అబద్ధం, అన్నీ చెప్పింది. అవతల ఆయన అంతా రాసుకున్నాడు. చివరికి, "ఇది చెబితే మీకేమవుతుందో తెలుసు కదా?" అన్నాడు. "తెలుసు సార్." "మళ్ళీ కబురు చేసేదాకా డ్యూటీకి రావద్దు," అన్నాడు.

బయల్దేరుతూ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, పండ్ల సంచి ఆమె చెప్పుల పక్కన ఉంది. ఎప్పుడు తెచ్చి పెట్టిందో, సుబ్బులమ్మ అటు తిరిగి గోలెంలో గుడ్డలు తిప్పుతోంది. స్టెల్లా సంచి తీసుకుని నడిచింది.

సాయంత్రం చర్చిలో నిలబడి కూడా అదే చెప్పింది. మధ్యలో ఒకరిద్దరు అలవాటు కొద్దీ "స్తోత్రం" అనబోయి ఆగిపోయారు. ఇంటి దగ్గర దయానంద్ అన్నం తిన్నాక ఫోన్ తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ వీడియోను వెతికి తీసేశాడు. "ఆ వడమాలపేట పెద్దాయనకు చెప్పినావా?" అని మాత్రం అడిగాడు. "రేపు పోతా నాయనా," అంది స్టెల్లా.

భారం దిగిందనే అనుకుంది. చెప్పాల్సినవాళ్ళకు చెప్పేశాను, పడాల్సింది పడతాను, ఇక మోహన ముఖం చూడగలను అనుకుని ఆ రాత్రి కాస్త నిద్రపోయింది.

పొద్దున వడమాలపేటకు బయల్దేరుతూ జడ వేసుకుంటుంటే ఫోన్ మోగింది. మోహన. గొంతు భయం భయంగా ఉంది.

"అక్కా, ఒక మాట అడగతా, కోపం చేసుకోవు గదా? ఆ పొద్దు విమానంలో వాసన వచ్చినప్పుడు నేను నీకు చెప్పినానా? ఎంత తలుచుకున్నా గ్యాపకం రాలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదక్కా. చెప్పలేదేమోనని."

స్టెల్లా మంచం మీద కూర్చుంది. దువ్వెన పక్కన పెట్టింది.

"చెప్పినావు మోహనా," అంది. "నేనే ఇనలేదు."

"నిజంగానా! ఏమని చెప్పినాను? నువ్వేమన్నావు?"

స్టెల్లా మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.